ఎడారి సరీసృపాల కన్ను

ఎడారులలో నివసించే బల్లులు, పాములు, ఊసరవెల్లులు మొదలైన సరీసృపాల కంటి నిర్మాణంలో అక్కడి ఎండకు, ఇసుకకు, నీటి కొరతకు తగినట్లుగా ఏర్పడిన లక్షణాలను ఈ వ్యాసం వివరిస్తుంది. మౌలికంగా ఎడారి బల్లి కన్ను తోటలోని తొండ కన్ను వంటిదే. శుక్లపటలం, తారక, కటకం, నేత్రపటలం అన్నీ రెండింటిలోనూ ఉంటాయి. భేదమంతా రెప్పలలో, తారక ఆకారంలో, నేత్రపటలంలోని కణాలలో, తలమీద కన్ను అమరిన చోటులో కనిపిస్తుంది. ఈ లక్షణాలన్నీ ఒకే జీవిలో కలిసి ఉండవు. ఒక్కొక్క వంశం తన పూర్వీకుల నుండి సంక్రమించిన కన్నును తన అవసరానికి సరిపడేలా ఒక్కొక్క విధంగా మార్చుకొంది.

ఎడారిలో కంటికి కలిగే ఇబ్బందులు

గాలికి కొట్టుకు వచ్చే ఇసుక రేణువులు శుక్లపటలాన్ని గీరివేస్తాయి. తడిగా ఉండే కంటి ఉపరితలం నుండి నీరు నిరంతరం ఆవిరైపోతుంది. పెద్ద జంతువుకు ఈ నష్టం లెక్కలోనిది కాదు కాని, కొద్ది గ్రాముల బరువుండే బల్లికి ప్రాణంమీదికి తెస్తుంది. చిన్న శరీరంలో నీటి నిల్వ తక్కువ, శరీరంతో పోలిస్తే కన్ను పెద్దది. వీటికి తోడు పగటివేళ ఇసుక నుండి ప్రతిఫలించే వెలుగు, అందులోని అతినీలలోహిత కిరణాలు కంటిని బాధిస్తాయి. ఆ ఎండకు జడిసి రాత్రి సంచారానికి మారిన జీవులకు చీకటిలో చూడవలసిన అవసరం ఏర్పడింది. దాగే చోటు లేని బయలులో ఇసుకలోనే దాగవలసి రావడం మరొక చిక్కు. ఒళ్ళంతా ఇసుకలో కప్పబడి ఉన్నా కన్ను మాత్రం బయటకు చూస్తూ ఉండాలి.

రెప్పలు

మనుష్యులలో పై రెప్ప క్రిందికి దిగి కన్ను మూసుకొంటుంది. చాలా బల్లులలో ఇందుకు భిన్నంగా క్రింది రెప్ప పెద్దదిగా ఉండి పైకి లేచి కన్నును మూస్తుంది. దీనికి తోడు కంటి లోపలి మూల నుండి అడ్డంగా కదిలే నిమేషక పటలం కూడా ఉంటుంది.

ఉత్తర అమెరికా ఎడారులలోని ఇసుక దిబ్బలపై జీవించే ఊమా ప్రజాతి బల్లులు రెప్పల విషయంలో ముందు చెప్పుకోదగినవి. వీటి కాలివేళ్ళకు అంచులలో కుచ్చువంటి పొలుసులు ఉంటాయి. రెప్పల అంచులలో కూడా ముందుకు పొడుచుకు వచ్చిన పొలుసులు ఉండి, కన్ను మూసినప్పుడు రంపపు పళ్ళవలె ఒకదానిలో ఒకటి ఇమిడిపోతాయి. శత్రువు కనబడగానే ఈ బల్లి పరుగెత్తి తలక్రిందుగా ఇసుకలోకి దూరిపోతుంది. ఆ క్షణంలో రెప్పలు గట్టిగా బిగుసుకుంటాయి. క్రింది దవడ పై దవడలోనికి అమరి ఉండడం వలన నోటిలోకి, ముక్కులో కవాటాలు ఉండడం వలన ముక్కులోకి ఇసుక చేరదు. కంటి రక్షణ ఒక్కటే ఉండి తక్కినవి లేకపోతే ఇసుకలో ఈదడం సాధ్యం కాదు గనుక వీటన్నిటినీ కలిపే చూడాలి.

కన్ను మూస్తే ఇసుక రాదు, కాని ఏమీ కనబడదు. ఈ ఇబ్బందికి కొన్ని వంశాలలో ఒక చక్కని పరిష్కారం కనిపిస్తుంది. ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియా ఎడారులలో తిరిగే మెసాలినా ప్రజాతి బల్లుల క్రింది రెప్ప మధ్యభాగంలో పొలుసులు పలుచబడి కాంతి ప్రసరించే కిటికీలా మారాయి. రెప్ప మూసి ఉన్నా ఆ కిటికీ గుండా కొంత వెలుగు లోపలికి వస్తుంది. కొన్ని నలికిరులలో ఈ కిటికీ ఇంకా పెద్దది. దీనినే మరి కొంత ముందుకు తీసుకువెళ్ళి, రెప్పను శాశ్వతంగా మూసివేసి మొత్తం పారదర్శకం చేస్తే వచ్చేది తరువాతి విభాగంలోని స్పెక్టకిల్.

స్పెక్టకిల్

పాములన్నింటికీ, అధిక శాతం గెకో బల్లులకూ కదిలే రెప్పలు లేవు. పిండదశలోనే రెప్పలు రెండూ కలిసిపోయి, కంటిమీద గాజు పలకవంటి పారదర్శకమైన పొరగా ఏర్పడతాయి. దీనిని స్పెక్టకిల్ అనీ, బ్రిల్ అనీ అంటారు. రెండవది కళ్ళజోడు అనే అర్థమిచ్చే జర్మన్ మాట నుండి వచ్చింది. పాము కన్నార్పదు అని మనవారు చెప్పేది నిజమే, అయితే కన్ను ఎప్పుడూ తెరిచి ఉండడం దానికి కారణం కాదు. ఒక విధంగా చూస్తే పాము కన్ను ఎప్పుడూ మూసే ఉంటుంది.

స్పెక్టకిల్‌కు, శుక్లపటలానికి మధ్య సన్నని ఖాళీ ఉంటుంది. హార్డేరియన్ గ్రంథి నుండి వచ్చే ద్రవం అందులో నిండి, అశ్రునాళం ద్వారా నోటి కప్పులోని ఘ్రాణాంగం వైపుకు ప్రవహిస్తుంది. అంటే కన్నీరు బయటి గాలికి తగలకుండా ఒంటిలోనే తిరుగుతుంది. ఆవిరై వృథా అయ్యేది దాదాపు ఏమీ ఉండదు. నాళం ఎక్కడైనా పూడుకుపోతే ద్రవం పోవడానికి దారి లేక స్పెక్టకిల్ బుడగలా ఉబ్బుతుంది.

ఈ పొర ఎందుకు ఏర్పడింది అన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. అమెరికా శాస్త్రజ్ఞుడు గోర్డన్ లిన్ వాల్స్ 1942లో వెలువరించిన సకశేరుకాల కంటికి సంబంధించిన ప్రసిద్ధ గ్రంథంలో, నేలకు దగ్గరగా తిరిగే చిన్న జీవుల కంటిని ఇసుక రాపిడి నుండి కాపాడడానికే ఇది ఏర్పడి ఉంటుందని భావించాడు. పాముల విషయంలో ఆయన వాదన వేరు. పాముల పూర్వీకులు చాలా కాలం భూమిలోపల బ్రతికారనీ, అప్పుడు కన్ను క్షీణించి, తరువాత బయటకు వచ్చినప్పుడు మిగిలిన భాగాలతోనే తిరిగి నిర్మితమయిందనీ ఆయన ఊహించాడు. బల్లుల కంటిలో ఉండే ఎముక పలకల వలయం, రంగు నూనె బిందువులు పాము కంటిలో లేకపోవడం ఈ వాదనకు బలమిస్తుంది. 1983లో ఏ.ఈ. గ్రీర్ మరొక వివరణ ఇచ్చాడు. స్పెక్టకిల్ గల నలికిరులు, ఇతర బల్లులు ఎక్కువగా చిన్న పరిమాణంలోనే ఉండడాన్ని చూపి, దాని ముఖ్య ప్రయోజనం కంటి నుండి నీరు ఆవిరి కాకుండా ఆపడమేనని వాదించాడు. ఈ రెండు వాదాలలో ఒకటి నిజమైతే రెండవది తప్పు కానవసరం లేదు. ఒకే పొర రాపిడినీ, ఆవిరినీ ఆపగలదు. ఎడారి బల్లికి రెండూ కావలసినవే.

స్పెక్టకిల్ చర్మంలో భాగం కనుక దానికి రక్తనాళాలు కూడా ఉంటాయి. కంటి ముందు రక్తనాళాలు ఉంటే చూపుకు అడ్డు కదా అన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన కెవిన్ వాన్ డూర్న్, జేకబ్ సివాక్ 2013లో దీనికి జవాబు కనుగొన్నారు. అమెరికా మెట్ట ప్రాంతాలలో, ఎడారులలో తిరిగే కోచ్‌విప్ అనే పామును వారు పరిశీలించారు. పాము నిశ్చింతగా ఉన్నప్పుడు ఈ నాళాలు కొంతసేపు విప్పారి, కొంతసేపు ముడుచుకొంటూ ఉంటాయి. మనిషి ఎదుటికి వచ్చి పాము బెదిరినప్పుడు నాళాలు ముడుచుకొని ఉండే సమయం పెరుగుతుంది. చూపు అత్యవసరమైన వేళలో కంటిమీది తెర తొలగుతుందన్న మాట. కుబుసం విడిచే ముందు మాత్రం క్రొత్త పొర తయారీకి పోషణ కావాలి కనుక రక్తప్రవాహం ఆగకుండా సాగుతుంది.

కుబుసంతో పాటు స్పెక్టకిల్ పైపొర కూడా ఊడి వస్తుంది. ఎడారి పాముకు ఇది గొప్ప సౌలభ్యం. ఇసుక వలన పడిన గీతలన్నీ పాత పొరతో పోయి, క్రొత్త పొర అద్దంలా మెరుస్తుంది. కుబుసానికి కొద్ది రోజుల ముందు పాత పొరకూ క్రొత్త పొరకూ మధ్య ద్రవం చేరడంతో కళ్ళు పాలవలె తెల్లబడతాయి. కుబుసం పట్టిన పాముకు కళ్ళు కనబడవని పల్లెలలో అనే మాటలో చాలావరకు నిజముంది. ఆ సమయంలో పాములు సాధారణంగా బయటకు రావు, వచ్చినా చిరాకుగా ఉంటాయి.

జంతు ప్రదర్శనశాలలలో పెంచే పాములకు ఇక్కడే ఒక ప్రమాదం పొంచి ఉంది. గాలిలో తేమ చాలనప్పుడు కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడి, కంటిమీది పాత పొర అలాగే అతుక్కొని ఉండిపోతుంది. ఎడారి పాముకు తేమతో పనేమిటని అనుకోవడం పొరపాటు. ఎడారి పాము నిజంగా గడిపేది ఇసుక పైన కాదు, తేమ నిలిచే బొరియలలో. మిగిలిన పొరను పట్టకారుతో లాగితే దాని క్రిందనున్న అసలు స్పెక్టకిల్ కూడా ఊడివచ్చి కన్ను పోతుంది. తేమ పెంచి, తరువాతి కుబుసం వరకు ఆగడం గాని, పశువైద్యునికి చూపడం గాని మేలు.

రెప్పలు లేని గెకో బల్లి కంటిని నాలుకతో తుడుచుకొంటుంది. ఈ అలవాటు దక్షిణ ఆఫ్రికా పశ్చిమతీరాన ఉన్న నమీబ్ ఎడారిలో మరొక విధంగా కూడా ఉపయోగపడుతుంది. అక్కడ వర్షం బహు అరుదు గాని, అట్లాంటిక్ సముద్రం మీదినుండి పొగమంచు తరచు వస్తుంది. బాతు కాళ్ళవంటి పాదాలు గల పాకిడాక్టిలస్ రాంగీ అనే గెకో తన పెద్ద కళ్ళపైన, ముఖంపైన పేరుకొన్న మంచు బిందువులను నాలుకతో నాకి దాహం తీర్చుకొంటుంది.

గెకోలలో అందరికీ స్పెక్టకిల్ ఉండదు. యూబ్లిఫారిడే కుటుంబానికి చెందిన బల్లులకు కదిలే రెప్పలు ఉన్నాయి. ఆ కుటుంబం పేరుకు గ్రీకులో "చక్కని రెప్పలు గలవి" అని అర్థం. పాకిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్ మెట్టలలో నివసించే చిరుత మచ్చల గెకో ఈ కోవలోనిది. రెప్పలు ఉండి కూడా పొడి నేలలో చక్కగా బ్రతుకుతున్న ఈ జీవిని చూస్తే, ఎడారికి స్పెక్టకిల్ తప్పనిసరి కాదని తెలుస్తుంది.

తారక

పగటి బల్లులలో తారక గుండ్రంగా ఉంటుంది. రాత్రి తిరిగే గెకోలలో, పింజర జాతి పాములలో నిలువు చీలికలా ఉంటుంది. గుండ్రని తారక ఎంత ముడుచుకొన్నా కొంత తెరిచే ఉంటుంది. చీలిక తారక రెండు ప్రక్కల నుండి తలుపుల వలె దగ్గరకు వచ్చి దాదాపు పూర్తిగా మూసుకోగలదు. మనిషి తారక వైశాల్యం చీకటికీ వెలుగుకూ మధ్య సుమారు 15 రెట్లు మారితే, గెకోలో ఈ మార్పు సుమారు 300 రెట్లు. రాత్రి వేటకు పనికివచ్చే సున్నితమైన నేత్రపటలాన్ని పగటి ఎడారి వెలుగు నుండి కాపాడడానికి ఇంత తేడా అవసరం. ముఖ్యంగా రెప్పలు మూసుకొనే అవకాశం లేని కంటికి వేరే దారి లేదు.

చాలా గెకోలలో ఈ చీలిక అంచులు నొక్కులు నొక్కులుగా ఉంటాయి. తారక పూర్తిగా ముడుచుకొన్నప్పుడు ఆ నొక్కుల వద్ద సూదిబెజ్జాల వంటి చిన్న రంధ్రాలు ఒకదాని క్రింద ఒకటి మిగులుతాయి. పగటిపూట గెకో ఈ రంధ్రాల గుండానే చూస్తుంది. సూదిబెజ్జం గుండా వచ్చిన బింబం స్పష్టంగా ఉంటుంది. పైగా వస్తువు సరిగా కేంద్రీకృతం కాకపోతే రంధ్రానికొకటిగా విడివిడి బింబాలు పడతాయి. ఇవి కలిసిపోయే తీరును బట్టి గెకో దూరాన్ని అంచనా వేయగలదని కొందరు పరిశోధకులు ప్రతిపాదించారు.

నేత్రపటలం

సాధారణంగా చీకటిలో చూడడానికి దండకణాలు, వెలుగులో రంగులను చూడడానికి శంకుకణాలు ఉపయోగపడతాయని పాఠ్యపుస్తకాలలో చదువుకొంటాము. గెకో కన్ను ఈ పాఠానికి లొంగదు. దాని నేత్రపటలంలోని కణాలన్నీ చూడడానికి పొడవుగా దండకణాల వలె ఉంటాయి. కాని గెకోల పూర్వీకులు పగటి జీవులనీ, వాటి కంటిలో శంకుకణాలు మాత్రమే ఉండేవనీ, రాత్రి జీవితానికి మారినప్పుడు ఆ శంకువులే సాగి దండాల రూపం పొందాయనీ వాల్స్ సూచించాడు. ఒక రకం కణం మరొక రకంగా మారడమన్నది ఆ రోజులలో సాహసమైన ఊహే. 1992లో జపాన్ శాస్త్రజ్ఞులు గెకో "దండకణాల"లో ఉన్న వర్ణకాలు నిజానికి శంకుకణాల వర్ణకాలేనని చూపడంతో ఆ ఊహకు గట్టి ఆధారం దొరికింది.

దీని ఫలితం ఆశ్చర్యకరమైనది. శంకువుల వర్ణకాలు మిగిలి ఉన్నందున గెకోలు రాత్రిపూట కూడా రంగులు గుర్తించగలవు. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో లీనా రాత్, ఆల్ముట్ కెల్బర్ 2004లో ప్రచురించిన ప్రయోగాలలో, వాయవ్య ఆఫ్రికా తీరపు ఎడారులలో నివసించే టారెంటోలా చాజాలియే అనే గెకో మసక వెన్నెలలో నీలిరంగును బూడిదరంగు నుండి వేరుచేసి గుర్తించింది. అంత వెలుగులో మనిషికి అన్నీ బూడిదరంగులోనే కనిపిస్తాయి. రంగులు కనిపించే అంచున మనిషి శంకుకణాల చూపుతో పోలిస్తే ఈ గెకో కన్ను సుమారు 350 రెట్లు సున్నితమైనదని లెక్కకట్టారు. 2009లో అదే బృందం ఈ కంటి దృశ్య వ్యవస్థలో ఒకే కేంద్రం చుట్టూ వలయాలుగా వేర్వేరు వక్రీభవన శక్తి గల భాగాలున్నాయని కనుగొంది. ఒక్కొక్క వలయం ఒక్కొక్క రంగు కాంతిని స్పష్టంగా కేంద్రీకరిస్తుంది. నిలువు చీలిక తారక ఎంత ముడుచుకొన్నా అన్ని వలయాలలోనూ కొంత భాగం తెరిచి ఉంటుంది. గుండ్రని తారక ముడుచుకొంటే వెలుపలి వలయాలు మూసుకుపోతాయి. చీలిక తారక ప్రయోజనం వెలుగును తగ్గించడంతో ఆగదని దీనివలన అర్థమవుతుంది.

పగటివేళ తిరిగే బల్లులలో శంకుకణాలలో పసుపు రంగు నూనె బిందువులు ఉంటాయి. ఇవి చలువ కళ్ళద్దాల వలె పనిచేసి, నీలి కాంతిని కొంత వడకడతాయి. పాములకు ఈ బిందువులు లేవు. పగటివేళ తిరిగే పాములలో ఆ పనిని కటకమే చేస్తుంది. థార్ ఎడారిలోనూ కనిపించే సామోఫిస్ ప్రజాతి వంటి పగటి పాములకు గుండ్రని తారక, పెద్ద కళ్ళు ఉంటాయి. పలు జాతుల పాముల కటకాలను పోల్చి 2016లో ప్రచురించిన పరిశోధనలో పగటి పాముల కటకాలు అతినీలలోహిత కిరణాలను అడ్డగిస్తాయనీ, రాత్రి పాముల కటకాలు వాటిని లోపలికి పోనిస్తాయనీ తేలింది.

అతినీలలోహిత కాంతి ప్రతి జీవికీ శత్రువు కాదు. అమెరికా నైరుతి ఎడారులలోని ఎడారి ఇగువానా ఆ కాంతిని చూడగలదు. దీని తొడల గ్రంథుల నుండి వెలువడే మైనంవంటి పదార్థం అతినీలలోహిత కాంతిని బాగా శోషిస్తుంది. కనుక ఇసుకపై అది ఇగువానాకు ముదురు మచ్చలా కనిపిస్తుంది. దూరం నుండి మచ్చను చూసి, దగ్గరకు వచ్చి నాలుకతో వాసన పట్టి, అది ఎవరి సరిహద్దో తెలుసుకొంటుందని ఏ.సీ. ఆల్బర్ట్స్ 1989లో సూచించింది.

కన్ను ఉన్న చోటు

నమీబ్ ఎడారి ఇసుక దిబ్బలలో నివసించే బైటిస్ పెరింగ్యుయీ అనే చిన్న పింజరికి కళ్ళు తల ప్రక్కల కాక దాదాపు నడినెత్తిన ఉంటాయి. సాధారణంగా 30 సెంటీమీటర్లకు మించని ఈ పాము ఒళ్ళంతా ఇసుకలో కప్పుకొని కళ్ళను, తోక కొసను మాత్రమే పైకి ఉంచుతుంది. తోక కొసను పురుగులా కదిలిస్తుంది. దానికి ఆశపడి వచ్చిన బల్లిని కాటువేస్తుంది. దగ్గరి బంధుత్వం లేని అరేబియా ఇసుక బోవాకు కూడా కళ్ళు నెత్తినే ఉన్నాయి. ఒకే అవసరం రెండు వంశాలను ఒకే రూపానికి తెచ్చింది. ఈ బోవా శాస్త్రీయ నామం ఎరిక్స్ జయకరీ. మస్కట్‌లో వైద్యుడుగా పనిచేస్తూ అక్కడి జంతువులను సేకరించిన ఆత్మారాం జయకర్ అనే భారతీయుని పేరిట దానికి ఆ పేరు పెట్టారు.

కొన్ని ఎడారి పాములకు కంటిపైన కొమ్ములు ఉంటాయి. సహారాలోని కొమ్ముల పింజరిలో ఇది ఒక్కటే నిటారైన ముల్లు వంటి పొలుసు. ఆ జాతిలోనే కొమ్ములు లేని పాములు కూడా ఉండడం వలన దాని ప్రయోజనం ఇప్పటికీ వివాదాస్పదమే. అమెరికాలోని సైడ్‌వైండర్ అనే గిలక పాము కొమ్ము విషయంలో స్పష్టత ఎక్కువ. పాము బొరియలో దూరుతున్నప్పుడు ఆ మెత్తని కొమ్ము వంగి కంటిమీద రెప్పలా కప్పుకొంటుందని 1970లో కోహెన్, మైయర్స్ వర్ణించారు.

ఇంకొక దారి కూడా ఉంది. టైఫ్లోసారస్ వంటి కాళ్ళులేని ఆఫ్రికా నలికిరులు జీవితమంతా ఇసుక లోపలే గడుపుతాయి. వాటి కళ్ళు పొలుసుల క్రింద చుక్కలుగా మిగిలాయి.

రక్తం చిమ్మే కళ్ళు

ఉత్తర అమెరికాలోని కొమ్ముల బల్లులు తల నుండి గుండెకు పోయే రక్తాన్ని బిగబట్టి, కంటి చుట్టూ ఉన్న సిరాకోటరాలలో పీడనం పెంచగలవు. అప్పుడు కన్ను ఉబ్బి, ఉపరితలానికి చేరిన ఇసుక రేణువులు రెప్ప అంచుకు నెట్టబడతాయి. ఇతర బల్లులలోనూ ఇటువంటి ఏర్పాటు ఉంది. టెక్సస్ కొమ్ముల బల్లి మొదలైన కొన్ని జాతులు దీనినే ఆయుధంగా మార్చుకొన్నాయి. నక్క, కొయోటీ వంటి కుక్క జాతి జంతువు నోట కరచినప్పుడు సన్నని రక్తనాళాలు చిట్లి, కంటి మూల నుండి రక్తం మీటరుకు పైగా చిమ్ముతుంది. ఆ రక్తం రుచి కుక్క జాతికి ఏమాత్రం సరిపడదు. పక్షుల మీద బల్లి ఈ ఆయుధాన్ని సాధారణంగా ప్రయోగించదు.

మూడవ కన్ను

చాలా బల్లులకు నడినెత్తిన పారదర్శకమైన పొలుసు క్రింద కటకం, నేత్రపటలం గల చిన్న కన్ను ఒకటి ఉంటుంది. పాములకు, గెకోలకు ఇది లేదు. న్యూజీలాండ్‌కు చెందిన టువటారాలో దీని నిర్మాణాన్ని 1886లో బాల్డ్విన్ స్పెన్సర్ వివరించాడు. ఇది బింబాలను చూడదు, వెలుగు ఎంతసేపు, ఎంత తీవ్రంగా ఉందో గుర్తిస్తుంది. ఈ కన్ను తొలగించిన బల్లులు ఎండలో ఎక్కువసేపు ఉండిపోతున్నాయని కాలిఫోర్నియాలో స్టెబిన్స్, ఈకిన్ 1958లో గమనించారు. ఎడారిలో ఎండ మోతాదు తప్పితే చావే కనుక ఈ కొలత ముఖ్యమైనది. ఆస్ట్రేలియా మెట్టలలోని స్లీపీ లిజర్డ్ అనే నలికిరి తన నివాసానికి తిరిగి వెళ్ళడానికి కూడా ఈ కన్ను అవసరమని 2001లో ఎం.జే. ఫ్రీక్ చేసిన ప్రయోగాలు చూపాయి. మూడవ కన్ను కప్పినప్పుడు మామూలు కళ్ళు రెండూ తెరిచి ఉన్నా అది దిక్కు తప్పింది.

ఎడారి బల్లులు అదనపు ఉప్పును కన్నీటితో విసర్జిస్తాయని కొన్నిచోట్ల వ్రాస్తుంటారు. అది సముద్రపు తాబేళ్ళ లక్షణం. బల్లులలో ఉప్పు గ్రంథులు ముక్కులో ఉంటాయి.

తెలుగునాట

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో ఎడారి లేకపోయినా, మెట్టనేలలలో ఇటువంటి కళ్ళు గల జీవులు ఉన్నాయి. రాళ్ళ నేలల్లో, గడ్డి భూముల్లో కనిపించే ఆఫిసాప్స్ ప్రజాతి బల్లుల రెప్పలు కలిసిపోయి పారదర్శకమయ్యాయి. ఆ పేరుకు పాము కన్ను గలది అని అర్థం. తూర్పు కనుమలలో యూబ్లిఫారిస్ హార్డ్‌వికీ అనే రెప్పల గెకో ఉంది.

రెండు తలల పాము అని పిలిచే ఎర్ర ఇసుక బోవా కథ విచారకరమైనది. నేలలో దూరే ఈ పాము కళ్ళు చాలా చిన్నవి, తారక నిలువు చీలిక. తోక మొద్దుగా తలవలె ఉండడం, తలమీది కళ్ళు అంతగా కనబడకపోవడం వలన ఏది తలో ఏది తోకో చూపరులకు తెలియదు. శత్రువును ఏమార్చే ఆ పోలికే రెండు తలలున్నాయన్న నమ్మకానికి, అది ఇంట ఉంటే సిరి కలుగుతుందన్న ప్రచారానికి మూలమయింది. బరువును బట్టి ధర చెప్పి దొంగచాటుగా అమ్మే ముఠాలు ఏర్పడ్డాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఈ పామును పట్టడం, అమ్మడం, పెంచడం శిక్షార్హమైన నేరాలు.

ఆవాస నష్టం

ఇసుకకు ఇంతగా అమరిన కన్ను గల జీవికి ఇసుక మారితే గడవదు. కాలిఫోర్నియాలోని కోచెల్లా లోయకు మాత్రమే పరిమితమైన ఊమా ఇనార్నేటా బల్లికి సన్నని, వదులైన ఇసుక కావాలి. వాగులు కొండల నుండి తెచ్చిన ఇసుకను గాలి జల్లెడపట్టి దిబ్బలుగా పోస్తుంది. ఇళ్ళు, రోడ్లు, చెట్ల వరుసలు ఆ గాలికి, వాగులకు అడ్డు రావడంతో క్రొత్త ఇసుక రావడం తగ్గి, పాత దిబ్బలు గట్టిపడ్డాయి. 1980లో అమెరికా ప్రభుత్వం దీనిని ముప్పు పొంచి ఉన్న జాతిగా ప్రకటించింది. 1986లో లోయలోని కొంత భూమిని దీని కోసం కేటాయిస్తూ ఒక సంరక్షణ ప్రణాళిక అమలులోకి వచ్చింది. అందులో దిబ్బలతో పాటు వాటికి ఇసుక అందించే దారులను కూడా కాపాడవలసి ఉంటుందని తరువాతి అనుభవంలో తేలింది.